తొమ్మిదో పేరు

అబద్ధం చెప్పేవాడికి గొంతు పెద్దది, ఎంత పొగ పట్టినా అది మూగబోదు, అనుకుంది ఎఫువా, పొయ్యి మీది తీగ జల్లెడ ఎత్తి అడుగు వరసలో పొగకి పెట్టిన కవళ్ళ చేపల్ని పై వరసకి మారుస్తూ. ఇవాళ మంగళవారం. మంగళవారం నాడు సువానోలో ఏ పడవా నీళ్ళలోకి దిగదు, అది సముద్రానికి విశ్రాంతి రోజు, తాతల నాటి కట్టు. అందుకని ఊళ్ళో మగవాళ్ళంతా వలల పాక కింద చేరి చిరుగులు అల్లుకుంటూ కూచుంటారు, ఒక్కో చిరుగుకీ రెండేసి కోతలు. మిగతా మంగళవారాలు ఆ కోతలు ఆమె చెవి పక్కనించి పోయేవి. ఇవాళ ఒక్కో మాటా చేపముల్లులా గొంతులో గుచ్చుకుంటోంది. పాకకి ఎదురుగా, తన పొయ్యికి ఇరవై అడుగుల్లో, ఆటస్థలం గోడకి కొత్తగా తెల్లరంగు వేశారు. పెయింటరు గాడ్‌ఫ్రెడ్ నిచ్చెన ఎక్కి నీలం అక్షరాలతో పైన 'మోనార్క్స్‌ని ఓడించిన మన పదకొండు మంది' అని రాసి, ఇప్పుడు దిగి ఒకటో నంబరు మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళు నిండాయని శనివారం పండగట. పొద్దున్నే బ్లాంక్‌సన్ మాస్టారు కాయితం తీసి పదకొండు పేర్లూ పెయింటరుకి చదివి వినిపించాడు. అప్పుడామె పుల్లలు ఎగదోస్తోంది; చేతిలో పుల్ల చేతిలోనే ఉండిపోయింది. తొమ్మిది, జోజో టావియా. తొమ్మిదట! జోజో వేసుకున్నది పదకొండు. ఆ పదకొండులోకి, ఆ రోజు ఆటంతా బెంచీ మీద కూచుని నారింజలు ఒలుచుకుతిన్న అక్వాని తోశారు. సరిపోయింది, ఎవరికీ వేలెత్తే పని లేదు. తొమ్మిదో నంబరు చొక్కా తొడుక్కున్నవాడు, గెలిపించిన ఆ గోలు కొట్టినవాడు, తన తమ్ముడు ఎబో క్వాన్సా, వాడసలు ఈ ఊళ్ళో పుట్టనే లేదు కాబోలు.

పెయింటరు చేయి నిదానం. పేరు రాస్తాడు, రెండడుగులు వెనక్కి వేసి తల వంచి చూస్తాడు, పోయినవాళ్ళ పేరు పక్కన చిన్న తెడ్డు బొమ్మ గీస్తాడు, అది మాస్టారు చెప్పిన ఏర్పాటు. ఒకటో నంబరు గోల్‌కీపరు అటా, పక్కన తెడ్డు. వాడు పోయి పన్నెండేళ్ళు, వాడి చావుకి ఊరు ఊరంతా ఎర్రగుడ్డలు కట్టుకుని డప్పులు కొట్టింది. తొమ్మిది దాకా రావడానికి ఎంత లేదన్నా గంట. ఈ గంటలో ఏం చేస్తావే ఎఫువా, నలభై ఏళ్ళలో చేయనిది? ఏమీ చెయ్యవు. కవళ్ళు తిప్పుతావు. తిప్పకపోతే మాడతాయి, మాడితే రేపటి సంతలో ఎవరూ కొనరు, కొనకపోతే... చూశావా, అప్పుడే సంత దాకా వెళ్ళిపోయావు, నీ బతుకంతా ఇంతే, కళ్ళముందున్నది వదిలేసి రేపటి మంటకి ఇవాళే బూడిద ఎత్తుకోవడం. అటా పేరు పక్కన తెడ్డు ఎండుతోంది. ఎబో పేరు రాస్తే దాని పక్కనా ఒక తెడ్డు గీయాలి, ఆ సంగతి ఈ ఊళ్ళో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. మూడు వారాల క్రితం ఫోను వచ్చింది, రాజధాని అక్రా నుంచి, ఎవరో ఆడమనిషి, వాడున్న ఇంటి వసారాలో మరో వాటా వాళ్ళట. ఎబో క్వాన్సా మీకేమవుతాడమ్మా అని అడిగింది. తమ్ముడు అని చెప్పింది ఎఫువా, గుండె అప్పుడే తెలుసుకుంది, చెవి ఇంకా తెలుసుకోలేదు. నిద్రలోనే పోయాడట. పూడ్చి ఆరు రోజులైందట. మీ నంబరు ఇప్పుడే దొరికిందమ్మా, పాత కోటు జేబులో, ఏమీ అనుకోకండి అంది. ఏమనుకుంటుంది? ఫోను పెట్టేసి వెళ్ళి కవళ్ళు తిప్పింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంటిముందు పందిరి వెయ్యాలి, కుర్చీలు వెయ్యాలి, ఊరొచ్చి ఆ కుర్చీల్లో కూచోవాలి. ద్రోహి చావుకి ఎవరొస్తారు? ఖాళీ కుర్చీల వరసలో ఒక్కతే కూచోవడం ఆమె ఆ రాత్రే కళ్ళారా చూసేసింది, జరగకముందే. మట్టి అక్కడెక్కడో, పేరు ఇక్కడ లేదు. ఇక వాడికి ఈ ఊళ్ళో చోటంటూ ఉంటే ఆ గోడ మీద జానెడు.

"సోమవారం సముద్రంలో, బుధవారం మళ్ళీ సముద్రంలో, మధ్యలో ఒకే ఒక్క రోజు ఒడ్డున ఉంటాంరా మనం," అంటున్నాడు క్వామెనా. ఆట రోజు లారీ మీద డప్పు కొట్టింది అతనే, ఇప్పటికీ మాట్లాడితే డప్పు మోతే. "మోనార్క్స్ దొరలు ఏరి ఏరి ఆ రోజే అడిగి వేయించుకున్నారు ఆట! ఆదివారం వద్దన్నారు. పనిరోజైతే నెత్తళ్ళ జట్టు జనం పని మానుకుని రాలేరన్నారు."

"కేలండరు చూసుకున్నారు మామా, సముద్రాన్ని చూసుకోలేదు," అన్నారెవరో. పాకంతా నవ్వు.

ఆ నవ్వు వరకూ నిజమే. అది ఆమె కూడా ఒప్పుకుంటుంది. మోనార్క్స్ అంటే రాజధాని జట్టు, ఎప్పుడూ పెద్ద లీగు దాటి కింద పడని జట్టు, ఆ ఏడు ఎలాగో చివరికి జారి, పైకి రావాలనే చిన్న ఊరి జట్టుతో ఒక్క ఆట ఆడి గెలవాల్సొచ్చింది. గెలిచినవాళ్ళు పెద్ద లీగులో, ఓడినవాళ్ళు కింద. మధ్యదారిలో విన్నెబా మైదానం. మంగళవారం ఆట అని తెలిసినరోజు ఊరు బిక్కచచ్చిపోయింది, జనం రాలేరని కాదు, సముద్రం పడుకున్న రోజు ఆడొచ్చా అని. పడవల పెద్ద దగ్గరికి వెళ్ళారు. ఆయన చుట్ట తీసి, మంగళవారం తడి వల ముట్టుకోవద్దన్నారు గానీ పొడి వలలో ఏదైనా వెయ్యొద్దని ఎవరన్నారు, వెళ్ళి వేసి రండి అన్నాడు. ఇంక చూసుకో, పదకొండు లారీలు, ముసలీ ముతకా, పాలు తాగే పిల్లలతో సహా, పులిసిన మొక్కజొన్న ముద్దలు ఆకుల్లో చుట్టి గంపలకి గంపలు. ఊళ్ళో ఆ రోజు మేకలు తప్ప ఎవరూ మిగల్లేదు. మన జట్టు పేరు నెత్తళ్ళు గనక అక్కడ మోనార్క్స్ జనం ఎండు నెత్తళ్ళ చేపల పొట్లాలు తెచ్చుకుని మన ఎదురుగా నిలబడి ఒక్కొక్కటీ తల తీయకుండానే నోట్లో వేసుకుని నమిలారు, మిమ్మల్నీ ఇలాగే అని. ఎఫువా ముందుకెళ్ళి ఒకడి పొట్లంలో చెయ్యిపెట్టి ఒకటి కొరికి, ఇవి మా ఊరివే, ఉప్పు తక్కువైంది, పొట్ట కదులుతుంది చూసుకో నాయనా అంది. లారీలు లారీలన్నీ గొల్లుమన్నాయి. ఆ మాట ఇప్పుడు క్వామెనా తనే అన్నానని చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ. మాట పోతే పోయింది. మనిషిని పోనిస్తే ఎలా?

మూడో నంబరు. నాలుగు. గాడ్‌ఫ్రెడ్ నాలుగు కొసని చక్కగా లాగాడు. ఆ చొక్కాల వెనక నంబర్లు కుట్టింది ఎఫువా. పిండి బస్తాల గుడ్డ చించి, పదకొండు వీపులకి పదకొండు నంబర్లు, కిరసనాయిలు దీపం ముందు. ఎబో తొమ్మిది కొంచెం వాలింది, అప్పుడు వాడికి పదేపదే నిద్రలో కాలు నొప్పి వచ్చి మూలుగుతుంటే వాడివైపు చూస్తూ కుట్టింది. వాలిపోయిన తొమ్మిదేసుకుని తిరిగితే అమ్మాయిలు నవ్వుతారక్కా అన్నాడు. నీ వీపు చూసే అమ్మాయి నాకొద్దు, ముఖం చూసేదాన్ని తీసుకురా అంది. తనకి మాత్రం వీపులే గుర్తు. విచిత్రం, ఎవరి ముఖమూ సరిగ్గా నిలవదు, వెళ్ళిపోతున్న వీపులు మాత్రం నిన్నటివిలా ఉంటాయి. నాన్న వీపు, భుజం మీద తెడ్డు, తెల్లారగట్ల. పెద్దన్న వీపు, అదే పడవ, అదే తెల్లారగట్ల, ఇద్దరూ అదే రోజు, పడవ తిరగబడి ఒడ్డుకొచ్చింది గాని వాళ్ళు రాలేదు. పెళ్ళాడినవాడి వీపు, అబిజాన్ వెళ్ళే బస్సు మెట్టు మీద, రెండు నెలల్లో వస్తానన్నాడు. అమ్మకి వీపు కూడా లేదు, మంచం మీదే, మంగళవారం నాడు ఎబోని కని మధ్యాహ్నానికి వెళ్ళిపోయింది. మంగళవారం పుట్టాడు గనక ఎబో అని పేరు. ఎఫువాకి తొమ్మిదేళ్ళు. ఎవరో ముసలమ్మ ఆ బిడ్డని తెచ్చి ఆమె వీపుకి గుడ్డతో కట్టింది. ఆ బరువు వేడిగా, తడిగా, మెడ మీద ఊపిరి. అది దిగలేదు. వాడు అంగలేస్తూ పరిగెత్తే కాలానికి కూడా దిగలేదు, ఇప్పుడు డెబ్బయ్యేళ్ళు దాటినా, వాడు మట్టిలో ఉన్నా, పొయ్యి మీదికి వంగినప్పుడల్లా నడుము దానికి తగ్గట్టే వంగుతోంది.

"కార్నరు వచ్చింది," క్వామెనా గొంతు హెచ్చింది, "ఇంక మూడే నిమిషాలు. సున్నా-సున్నా. బంతి ఇలా లేచింది. అందరూ లేచారు. మన జోజో, చేపని చూసిన కొంగలా..."

జోజో తల ఎత్తలేదు. వల సూది ఆడిస్తున్నాడు. ఎప్పుడూ ఇంతే, తను కొట్టానని ఒక్కసారి కూడా అనడు, కొట్టలేదనీ అనడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు నలభై ఏళ్ళు తాగాడు. ఒరేయ్ జోజో, ఎఫువా ఇక్కడే ఉందిరా, ఎఫువా చూసింది. మైదానంలో నాలుగు వేల మంది బంతిని చూస్తుంటే బంతిని చూడని మనిషి ఒక్కతే. అంతకుముందు వారం ఎబో పడవ లాగుతూ చీలమండ బెణికించుకున్నాడు. ఎఫువా తను కట్టుకునే పసుపు గుడ్డ అంచు చించి గట్టిగా కట్టి పంపింది. ఆటంతా ఆమె చూసింది ఆ పసుపు పట్టీనే. ఎక్కడ జారుతుందో, ఎక్కడ మళ్ళీ తిరుగుతుందో, తిరిగితే జన్మంతా కుంటుతాడేమో, కుంటివాణ్ణి పడవలో ఎవరు ఎక్కించుకుంటారు, ఎక్కించుకోకపోతే ఇంకా మంచిదేనేమో. తొంభై నిమిషాలూ ఇదే రంధి. గోలు ముందు పది తలలు ఒక్కసారి లేచాయి, జోజో తలా లేచింది, బంతి ఆ తలలన్నిటినీ దాటి కిందపడింది, పడినచోట పసుపు పట్టీ ఉంది. పట్టీ ఒకసారి వెనక్కి వెళ్ళి ముందుకొచ్చింది. అంతే. అయ్యో ఆ కాలితోనే కొట్టావా నాయనా అనుకుంది, ఆ తర్వాత గాని చుట్టూ ఊరు అరుస్తోందని తెలియలేదు. పక్కనున్న ముసలాయన ఆమె గంపలో దూకి ముద్దలన్నీ తొక్కాడు. రిఫరీ పుస్తకంలో ఎబో పేరు, మర్నాటి పేపర్లో ఎబో పేరు, ఆ ఏడంతా ఊళ్ళోనూ ఎబో కొట్టిన గోలే, కాకపోతే ఆ పేరు ముందు ఉమ్మేవారు. పైకెక్కిన నెత్తళ్ళ జట్టు ఎబో లేక ఒక్క ఏడాదిలో దబ్బున కిందపడింది. అప్పణ్ణించి ఆ గోలు మెల్లిగా జరగడం మొదలుపెట్టింది. ముందు జోజో తల తగిలిందేమో అన్నారు. తర్వాత తగిలిందన్నారు. తర్వాత ఎబో అసలు అక్కడ లేడన్నారు. ఇసుకలో గీసిన గీతని అల నాకినట్టు, ఒక్కసారి కాదు, కొంచెం కొంచెం, చూస్తూ ఉండగా.

ఏడో నంబరు దగ్గర గాడ్‌ఫ్రెడ్ కుంచె కడుగుతున్నాడు. ఎబోని ద్రోహి అంటారు. అమ్ముడుపోయాడంటారు. గెలిచిన ఆట చెమట ఆరకముందే ఓడినవాళ్ళ బస్సెక్కాడు అంటారు. ఎక్కాడు. నిజమే. ఆ నిజంలో సగం మాత్రమే వీళ్ళకి తెలుసు, మిగతా సగం ఇదిగో ఈ పొయ్యి దగ్గర కూచుని కవళ్ళు తిప్పుతోంది. ఆట అయ్యాక జనం మైదానంలో ఎగురుతుంటే మోనార్క్స్ మేనేజరు, సూటు మీద ఎవరో పోసిన నీళ్ళతో, లారీల వెనక్కి వచ్చాడు. ఈ కుర్రాడు ఎవరి తాలూకు అని అడిగాడు. నా తాలూకు అంది. అక్రా పంపు, చీలమండకి డాక్టరున్నాడు, ఆడినన్నాళ్ళు ఆట, ఆ తర్వాత రేవు గోదాముల్లో ఉద్యోగం, నేల మీద ఉద్యోగం అన్నాడు. నేల మీద. ఆ ఒక్క మాట చాలు. ఎబో నవ్వాడు, వీళ్ళతోనా, ఇవాళా, ఊరు చంపేస్తుందక్కా, పద లారీ ఎక్కుదాం అన్నాడు. ఎఫువా వాడి మోచెయ్యి పట్టుకుంది. రేపు బుధవారం, అంది. రేపు తెల్లారగట్ల నువ్వు పడవెక్కుతావు, నాన్న ఎక్కినట్టు. నేను ఇంకో వీపు చూడలేను ఆ ఒడ్డున. బస్సెక్కు. ఎక్కి వెనక్కి తిరగకు, నువ్వు తిరిగితే నేను పట్టుకుని లాగేస్తాను. వాడు ఏదో అనబోయాడు. వెళ్ళరా, అని తోసింది. నిజంగానే తోసింది, రెండు చేతులతో, వాలిపోయిన తొమ్మిది మీద. వాడు తిరగలేదు. చెప్పినమాట వినేవాడు, ఎప్పుడూ. బస్సు తలుపు మూసుకుంది. సముద్రం వాణ్ణి తీసుకోలేదు, అది మాత్రం గెలిచింది ఎఫువా. మంచం మీదే పోయాడు, నిద్రలో, అరవైరెండేళ్ళకి, ఎవరిదో వసారాలో.

ఆ రోజు లారీ పాటలు పాడుతూ బయల్దేరింది. నాలుగు మైళ్ళు వచ్చాక ఎవరో, మన ఎబోని భుజాలమీద ఎక్కించుకుందాం, ఏడీ, అన్నారు. లారీ లారీకీ కేకలేసి అడిగారు. చివరి లారీ వాళ్ళు చూశారట, బస్సెక్కుతుంటే. పాట తెగిపోయింది. అప్పుడు బ్లాంక్‌సన్ మాస్టారు, జట్టుకి కార్యదర్శి, బల్ల మీంచి ఇటు తిరిగి, ఎఫువా, నీ తమ్ముడు ఎక్కడికెళ్ళాడు అని అడిగాడు. లారీలో అరవై ముఖాలు. ఇందాకటిదాకా దేవతలా చూసిన ముఖాలు. వీళ్ళ మధ్యే బతకాలి, వీళ్ళ పడవల చేపే కొనాలి. 'నాకేం తెలుసు?' అంది. రెండే మాటలు. ఆ రెండు మాటల్ని తర్వాత ఎన్నిసార్లు కడిగిందో, అవి పొగ చేప వాసన లాంటివి, గోళ్ళ సందున ఉండిపోతాయి.

ఎనిమిదో నంబరు. అప్పట్లో ఎబో దగ్గర్నుంచి ఉత్తరాలు వచ్చాయి. అప్పటికి ఆమెకి చదువు రాదు, ఊళ్ళో ఎవరికి ఉత్తరమొచ్చినా మాస్టారు ఈ పాక కిందే, అందరి ఎదుటా చదివేవాడు. ఎబోది చదివాడు: క్షేమం, కాలు నయమైంది, అన్నం తింటున్నాను, నువ్వు జాగ్రత్త. అంతేనా మాస్టారూ? అంతే. రెండు కాయితాల నిండా రాసింది అంతేనా? పెద్ద అక్షరాలమ్మా అన్నాడు. అయిదు ఉత్తరాలు, అయిదింటికీ పెద్ద అక్షరాలే. అది ముల్లులా గుచ్చుకుని ఎఫువా చదువు మొదలుపెట్టింది, చేపలు చుట్టే పాత పేపర్ల మీద, చర్చి పాటల పుస్తకం మీద, లారీల వెనక రాతల మీద, అడిగితే నవ్వుతారని ఎవర్నీ అడగకుండా. ఆరేళ్ళు పట్టింది. ఆరేళ్ళు పట్టాక డబ్బాలోంచి మొదటి ఉత్తరం తీసి వేలితో ఒక్కో అక్షరం తోసుకుంటూ వెళ్తే రెండో కాయితంలో ఉంది: అక్కా, నన్ను ఊళ్ళో తిడుతున్నారని తెలిసింది. నువ్వే వెళ్ళమన్నావని వాళ్ళకి ఒక్క మాట చెప్పవూ? చెబితే ఒకసారి వచ్చి నిన్ను చూసి వెళ్తాను. అయిదింటిలోనూ అదే అడిగాడు, ప్రతిసారీ ఇంకొంచెం చిన్న అక్షరాలతో. అప్పటికి ఉత్తరాలు ఆగిపోయి ఆరేళ్ళు. మాస్టారు మింగేశాడు. ఎంత కోపం వచ్చిందంటే ఆ రోజు పొయ్యిలోంచి కొరివి తీసుకుని సగం దారి వెళ్ళింది ఆయనింటికి. సగం దారిలో ఆగింది. వెళ్ళి ఏమంటావే? ఎందుకు చదవలేదంటావు. ఆయన, సరే ఇప్పుడు చదువుకున్నావుగా, వెళ్ళి ఊరికి చెప్పు అంటాడు. అప్పుడు? కొరివి చేతిలోనే చల్లారింది. చెప్పలేదు. రేపు చెబుదాం. ఈ చేపల కాలం వెళ్ళాక చెబుదాం. వాడు ఒకసారి తనే వస్తే అప్పుడు చెబుదాం. నలభై ఏళ్ళ మంగళవారాలు. ఏడుస్తున్నావేమిటి ముసలీ, ఇది పొగ. ఇది పొగే.

గాడ్‌ఫ్రెడ్ తొమ్మిది అంకె వేశాడు. చక్కగా, నిటారుగా, ఏమాత్రం వాలకుండా. కుంచె మళ్ళీ ముంచి మొదటి అక్షరానికి చెయ్యెత్తాడు.

"ఆగు నాయనా!"

ఆ గొంతు తనదేనని ఎఫువాకి కాళ్ళు కదిలాక గాని తెలియలేదు. పొయ్యి దగ్గర్నుంచి గోడ దాకా వచ్చేసింది, చేతిలో పటకారు, దాని నోట్లో బొగ్గు.

"ఏంటి ఎఫువక్కా, శనివారం వంటకి అప్పుడే బేరమా?" అన్నాడు క్వామెనా.

"ఆ తొమ్మిది ఎబోది."

పాక కింద సూదులన్నీ ఆగాయి. క్వామెనా నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. "ఆ పేరు ఇక్కడ ఎత్తకు. అంత కావలిస్తే వెళ్ళి మోనార్క్స్ గోడ మీద రాయించుకో."

"గోలు కొట్టిందెవరురా?"

"ఎవరేంటి, జోజో, తలతో..."

"జోజో తలకీ బంతికీ మధ్య మూరెడు ఆకాశం ఉంది."

"నువ్వెప్పుడు చూశావే బంతిని? ఆటంతా కళ్ళు మూసుకుని దండాలు పెట్టుకున్నావు!"

"బంతిని చూడలేదు. వాడి కాలినే చూశాను. నా గుడ్డ చింపి కట్టిన కాలు." ఆమె పాకవైపు తిరిగింది. "జోజో. ఇవాళ మంగళవారం. సముద్రం పడుకుని వింటోంది. చెప్పు."

జోజో సూది కింద పెట్టాడు. నెరిసిన గడ్డం గోక్కున్నాడు. "బంతి వెళ్తుంటే గాలి తగిలింది," అన్నాడు. "గాలే."

"మరి ఇన్నేళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావురా?" అని లేచాడు క్వామెనా.

"నువ్వు పోయించిన బీరు."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. క్వామెనా నవ్వలేదు. కోపం తిరిగి ఎఫువా మీదికే వచ్చింది. "సరే, కొట్టాడు. కొట్టినవాడు అమ్ముడుపోలేదా? మనం భుజాలమీద ఎత్తుకుందామంటే వాళ్ళ బస్సులో కూచోలేదా? తర్వాతేడు మనం ఎలా పడ్డామో మర్చిపోయావా? ఒళ్ళమ్ముకున్నవాడి పేరు ముందు నుంచి నేను రోజూ సముద్రానికి నడిచి వెళ్ళాలా?"

"అమ్ముడుపోలేదు." పటకారుని రెండు చేతులతో పట్టుకుంది. "నేను తోశాను. రానన్నాడు, ఊరెళ్దామన్నాడు, నేనే తోసి ఎక్కించాను. వెనక్కి తిరగొద్దన్నాను, తిరగలేదు. లారీలో నన్నడిగారే, ఎక్కడికెళ్ళాడని? నాకు తెలుసు. తెలిసీ తెలీదన్నాను. తిట్టాలంటే నలభై ఏళ్ళూ నన్ను తిట్టాల్సింది, పొయ్యి దగ్గరే ఉన్నాను, ఎక్కడికీ పోలేదు!"

కొబ్బరాకుల మీద గాలి. బ్లాంక్‌సన్ మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, తుడిచినా పెట్టుకోలేదు. "నాకు తెలుసు ఎఫువా," అన్నాడు.

"తెలుసని నాకూ తెలుసు. ఎందుకు చదవలేదు?"

"చుట్టూ అందరూ ఉన్నారు. చదివితే నీకెవరైనా చేప అమ్మేవారా? తర్వాత నీకొక్కదానికే చెబుదామనుకున్నాను. తర్వాత..."

"తర్వాత తప్పు వాడిది కావడమే మీకు హాయి అనిపించింది."

మాస్టారు ఆమెవైపు చూశాడు. తొంభైకి దగ్గరపడ్డ కళ్ళు. "అవును. అనిపించింది."

"నాకూ అంతే మాస్టారూ," అంది ఎఫువా. ఆ మాటతో ఒంట్లోంచి ఏదో దిగిపోయినట్టయింది, బరువు కాదు, బరువుని ఇన్నాళ్ళూ మోసిన కట్టు.

గాడ్‌ఫ్రెడ్ పక్క ఊరివాడు, వాడికిదంతా అర్థమైందో లేదో, కుంచె కొసనించి నీలం చుక్క వాడి కాలి మీద పడింది. "అమ్మా, మరి ఏ పేరు రాయమంటారు? ఎలా రాయాలో తెలీదు నాకు." మాస్టారి చెయ్యి జేబులో కాయితం కోసం వెళ్ళింది, అలవాటుగా. ఎఫువా ఆయన కోసం ఆగలేదు. పటకారుతో తెచ్చిన బొగ్గుని వేళ్ళతో పట్టుకుంది, ఇంకా వేడిగా ఉంది, పట్టుకునే ఉంది. తొమ్మిది పక్కన తెల్లటి గోడ మీద రాయడం మొదలుపెట్టింది. తనకి చదవడం వచ్చని ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఈ చేతికి రాయడం వచ్చని తనకీ ఇప్పటిదాకా తెలియదు. వాడి ఉత్తరం కింద వాడు చేసే సంతకం ఉండేది, దాన్ని చూసి చూసి ఆకారం తెలుసు, మొదటి అక్షరం కడుపులోకి గీత, చివర్లో గుండ్రం. కొంచెం వాలింది. వాలనీ. వెనకనుంచి ఎవరో, "అక్కా, కవళ్ళు! కవళ్ళు మాడుతున్నాయి!" అన్నారు. నిజమే, ఆ వాసన ఆమె ముక్కుకి అందరికంటే ముందే తగిలింది. "మాడనీ," అంది, తిరక్కుండా.

పేరు పూర్తయింది. క్వామెనా చూస్తున్నాడు. అడ్డం రాలేదు, అలాగని దగ్గరికీ రాలేదు. జోజో వల పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. గాడ్‌ఫ్రెడ్ ఆ బొగ్గు గీతల మీదే, అవి ఎలా వాలితే అలా, నీలం రంగు తోసుకుంటూ వచ్చి, చివరి గుండ్రం మూసి, అలవాటు ప్రకారం రెండడుగులు వెనక్కి వేసి తల వంచి చూశాడు. తర్వాత మిగతావాళ్ళని అడిగినట్టే అడిగాడు, అతనికేం తెలుసు:

"అమ్మా, ఈయన పక్కన తెడ్డు వెయ్యాలా, వద్దా?"

పాకలో ప్రతి తలా ఆమెవైపు తిరిగింది. ఆమె అటా పేరు పక్కన ఉన్న తెడ్డునే చూస్తోంది. మాస్టారి చేతిలోంచి కళ్ళజోడు జారింది. క్వామెనా నోరు తెరిచి, మెల్లిగా తల మీది టోపీ తీశాడు.

"వెయ్యి," అంది ఎఫువా. "రంగు పలచగా కలపకు. వాన వస్తే కారిపోకూడదు."